నియమపాలనకు కంప్యూటర్ తోడు: ఖరగ్‌పూర్ నేర్పే పాఠాలు

ఏ పెద్ద సంస్థలోనైనా విభాగాధిపతి బల్ల మీదికి రెండు రకాల కాగితాలు వస్తూ ఉంటాయి. మొదటి రకం ఉత్పత్తికి సంబంధించినవి. ఈ రోజు ఎన్ని టన్నులు కదిలాయి, ఎన్ని బళ్ళు నడిచాయి, ఏ యంత్రం ఆగిపోయింది అన్న లెక్కలు వాటిలో ఉంటాయి. రెండవ రకం నియమాలకు సంబంధించినవి. ఏ బాయిలరుకు పరీక్ష గడువు దగ్గర పడింది, ఏ క్రేనుకు ధ్రువపత్రం ముగిసింది, ఏ ఉద్యోగికి వైద్య పరీక్ష జరగవలసి ఉన్నది అన్న వివరాలు వాటిలో ఉంటాయి. మొదటి రకం కాగితాలు కేక వేసి పిలుస్తాయి. బండి ఒక గంట నిలిచిపోతే పై అధికారి నుండి ఫోను వస్తుంది. రెండవ రకం కాగితాలు మౌనంగా పడి ఉంటాయి. గడువు దాటిన రోజున ఏమీ జరిగినట్లు కనపడదు. ప్రమాదం జరిగిన రోజున మాత్రం అందరూ వాటినే వెదుకుతారు.

ఈ మౌనాన్ని మాటగా మార్చడానికి కంప్యూటర్ ఎంతవరకు తోడ్పడగలదు? అధికారికి సలహా చెప్పగల వ్యవస్థను నిర్మించుకుంటే నియమపాలన సులభమవుతుందా? లేక నియమం పట్ల మన బాధ్యత యంత్రం చేతిలోకి జారిపోతుందా? ఈ ప్రశ్నలకు సమాధానం గ్రంథాలలో కన్న ఒక రైలు పట్టణంలో స్పష్టంగా కనపడుతుందని మా అభిప్రాయం. ఆ పట్టణం పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్.

ఖరగ్‌పూర్, తెలుగువారు

1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే సంస్థ పందొమ్మిదవ శతాబ్ది చివర ఖరగ్‌పూర్‌ను కూడలిగా చేసుకున్నది. కొద్ది సంవత్సరాలలోనే అక్కడ పెద్ద వర్క్‌షాపు వెలిసింది. ఇంజన్లకు, పెట్టెలకు మరమ్మతులు చేసే ఆ కర్మాగారం చుట్టూ ఒక పట్టణమే పుట్టింది. పాత సెటిల్‌మెంటు, కొత్త సెటిల్‌మెంటు, గోల్‌బజారు, నిమ్‌పురా, మథురాకాటి వంటి పేర్లు ఆ పట్టణపు పుట్టుకను నేటికీ గుర్తుచేస్తున్నాయి. కళాసులుగా, ఫిట్టర్లుగా, ఫైర్‌మెన్లుగా ఉత్తరాంధ్ర నుండి వేలాది కుటుంబాలు అక్కడికి తరలివెళ్ళాయి. వాల్తేరు డివిజను 2003లో తూర్పు తీర రైల్వేలో చేరేవరకు ఖరగ్‌పూర్‌తో పాటు ఆగ్నేయ రైల్వేలోనే ఉండేది. ఆ విధంగా విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల ఇళ్ళకు ఖరగ్‌పూర్ పరాయి ఊరు కాలేదు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపినప్పుడు అందరికీ ముందుగా స్ఫురించిన పేరు ఖరగ్‌పూరే.

రైల్వేలో చదువుకున్నవారికి ఖరగ్‌పూర్ అనగానే ప్లాట్‌ఫారం గుర్తుకు వస్తుంది. 1072.5 మీటర్ల పొడవుతో అది చాలాకాలం ప్రపంచంలోనే అతి పొడవైనదిగా పేరు పొందింది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి ఆ స్థానాన్ని అందుకున్నాయి. ఇంజనీర్లకు మాత్రం ఖరగ్‌పూర్ అనగానే రెండు విషయాలు గుర్తుకు వస్తాయి. ఒకటి, 1951లో హిజ్లీలో ప్రారంభమైన దేశపు తొలి ఐ.ఐ.టి. రెండవది, 2019 నవంబరులో ఆ స్టేషనులో అమర్చిన ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వ్యవస్థ. సుమారు 800 మార్గాలను ఒకే చోటి నుండి నియంత్రించగల ఆ వ్యవస్థ దేశంలోని అతి పెద్ద వ్యవస్థలలో ఒకటి.

పని గంటల నియమం ఎట్లా వచ్చింది?

నిర్ణయ సహాయక వ్యవస్థ గురించి మాట్లాడే ముందు అది కాపాడవలసిన నియమం ఏమిటో తెలుసుకోవాలి. రైల్వేలో నియమాలు వందల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో మన పాఠకులకు, ముఖ్యంగా గృహిణులకు, అతి దగ్గరైనది పని గంటల నియమం. ఇంటి యజమాని ఎన్ని గంటలకు డ్యూటీకి వెళ్తారు, ఎప్పుడు తిరిగి వస్తారు, ఎంతసేపు నిద్రపోతారు అన్నదే ఆ నియమపు సారాంశం.

1919లో వాషింగ్టన్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ కార్మిక సమావేశం పరిశ్రమలలో పని గంటలపై ఒప్పందాన్ని ఆమోదించింది. 1921లో భారతదేశం దానిని అంగీకరించింది. అయినా రైల్వే ఉద్యోగులకు ఆ ఫలితం వెంటనే అందలేదు. 1930లో రైల్వే చట్టానికి సవరణ జరిగిన తరువాతనే పని గంటలకు చట్టబద్ధమైన హద్దు ఏర్పడింది. ఈ మధ్య కాలంలోనే వరాహగిరి వెంకటగిరి గారు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికులకు నాయకులయ్యారు. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సమావేశానికి భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు. 1928లో ఉద్యోగాలు కోల్పోయిన కార్మికుల పక్షాన ఆ రైల్వేలో శాంతియుతంగా సమ్మె నడిపించారు. అటువంటి నాయకుడు 1969లో రాష్ట్రపతి కావడం తెలుగువారికీ, రైల్వే కార్మికులకూ గర్వకారణం.

1947లో రాజాధ్యక్ష తీర్పు, 1969లో నియమితమై 1972లో నివేదిక ఇచ్చిన మియాభాయ్ ట్రిబ్యునల్ ఈ నియమాలను మరింత తీర్చిదిద్దాయి. 1989 నాటి రైల్వే చట్టం పనిని తీవ్రమైన పని, నిరంతరమైన పని, విరామాలతో కూడిన పని అని వర్గీకరించింది. రెండు వారాల సగటున తీవ్రమైన పనికి వారానికి 45 గంటలు, నిరంతరమైన పనికి 54 గంటలు హద్దుగా పెట్టింది. రైలు నడిపే సిబ్బందికి నెలకు కనీసం 30 గంటల చొప్పున నాలుగు విశ్రాంతులు గాని, పూర్తి రాత్రి కలిసివచ్చే 22 గంటల చొప్పున ఐదు విశ్రాంతులు గాని ఇవ్వాలని చెప్పింది. 2005లో వివరమైన నియమావళి వెలువడింది. 2016లో రైల్వే బోర్డు మరొక ఉత్తర్వు ఇచ్చింది. దాని ప్రకారం రైలు నడిపే పని ఒక దఫాలో సాధారణంగా 9 గంటలు మించరాదు. మించవలసి వస్తే ఆ గడువుకు రెండు గంటల ముందే సిబ్బందికి తెలియజేయాలి. అప్పుడు కూడా డ్యూటీలో చేరినది మొదలు దిగేవరకు మొత్తం 11 గంటలు మించరాదు.

ఒక్కొక్క అక్షరం వెనుక ఎన్ని దశాబ్దాల పోరాటం, ఎన్ని విచారణలు ఉన్నాయో గమనించండి. నియమం అంటే అధికారిని వేధించడానికి ఎవరో కూర్చుని వ్రాసిన వాక్యం కాదు. అది ఒకనాటి కష్టానికి నేటి జవాబు.

ఇరవై నిమిషాల లెక్క

నియమం చదవడం సులభం. అర్ధరాత్రి వేళ లాబీలో కూర్చుని దానిని అమలుపరచడం కష్టం. ఒక చిన్న లెక్క చూద్దాం.

లోకో పైలట్ తన ప్రధాన కేంద్రానికి తిరిగి వచ్చినప్పుడు, చేసిన డ్యూటీ 8 గంటలు గాని అంతకు మించి గాని ఉంటే 16 గంటల విశ్రాంతి ఇవ్వాలి. 8 గంటల లోపు అయితే 12 గంటలు. ఒక పైలట్ రాత్రి 10 గంటలకు డ్యూటీలో చేరి తెల్లవారుజామున 5 గంటల 50 నిమిషాలకు దిగినాడనుకోండి. డ్యూటీ 7 గంటల 50 నిమిషాలు. విశ్రాంతి 12 గంటలు. సాయంత్రం 5 గంటల 50 నిమిషాలకు ఆయన మరల అందుబాటులో ఉన్నట్లు లెక్క. అదే పైలట్ ఉదయం 6 గంటల 10 నిమిషాలకు దిగితే డ్యూటీ 8 గంటల 10 నిమిషాలు అవుతుంది. అప్పుడు 16 గంటల విశ్రాంతి. రాత్రి 10 గంటల 10 నిమిషాల వరకు ఆయనను పిలవరాదు.

పని ఇరవై నిమిషాలు పెరిగితే పిలుపు నాలుగు గంటల ఇరవై నిమిషాలు వెనుకకు వెళ్తుంది. సాయంత్రం ఏడు గంటలకు ఒక గూడ్సు బండి బయలుదేరడానికి సిద్ధంగా ఉండి, మరొక పైలట్ దొరకనప్పుడు ఈ ఇరవై నిమిషాలు ఎంత విలువైనవో ఊహించవచ్చును. రిజిస్టరులో 6.10 అని వ్రాయవలసిన చోట 5.55 అని వ్రాస్తే బండి కదిలిపోతుంది. ఎవరూ ప్రశ్నించరు. కాని ఆ రాత్రి రెండు గంటల వేళ ఇంజనులో కూర్చున్న మనిషి కళ్ళకు రిజిస్టరులోని అంకెతో పని లేదు. నిద్ర తన లెక్క తాను వేసుకుంటుంది.

ఇది ఒక్క మనిషి లెక్క. ఒక డివిజనులో రైలు నడిపే సిబ్బంది వందల సంఖ్యలో ఉంటారు. ప్రతి ఒక్కరికీ విశ్రాంతి లెక్కతో పాటు మరికొన్ని గడువులు ఉన్నాయి. వైద్య పరీక్ష 45 సంవత్సరాల వయస్సు వరకు నాలుగేళ్ళకు ఒకసారి, అక్కడి నుండి 55 వరకు రెండేళ్ళకు ఒకసారి, ఆ పైన ప్రతి యేటా జరగాలి. శిక్షణను నిర్ణీత కాలంలో నవీకరించుకోవాలి. ఒక మార్గంలో కొన్ని నెలలు బండి నడపకపోతే మరల ఆ మార్గాన్ని చూసి నేర్చుకోవాలి. ఏ ఇంజనుకు ఎవరికి అర్హత ఉన్నదో చూడాలి. ఇవన్నీ ఒకేసారి మనస్సులో పెట్టుకుని, ఫోను మ్రోగుతూ ఉండగా, సరియైన పేరు ఎంచడం ఎంత అనుభవజ్ఞునికైనా తలకు మించిన పని.

కాల్‌బాయ్ నుండి కంప్యూటర్ వరకు

పూర్వం ఈ పని అంతా పుస్తకాల మీద నడిచేది. లాబీలో పెద్ద రిజిస్టర్లు ఉండేవి. బండికి సుమారు రెండు గంటల ముందు కాల్‌బాయ్ పుస్తకం చేతబట్టుకుని క్వార్టర్ల వైపు వెళ్ళేవాడు. తలుపు తట్టి, పిలుపు వినిపించి, సంతకం తీసుకునేవాడు. రైల్వే కాలనీలలో పుట్టి పెరిగినవారికి ఆ తలుపు చప్పుడు బాగా తెలుసు. ఇంట్లో పిల్లలు మేలుకుంటారని గృహిణి ముందుగా లేచి తలుపు తీసేది. ఆ పుస్తకాలలో గొప్ప నిజాయితీ ఉండేది, అనుభవం ఉండేది. అయితే ఒక లోపం కూడా ఉండేది. గడచినదానిని అవి చెప్పగలిగేవి గాని, జరగబోయేదానిని హెచ్చరించలేకపోయేవి. గడువు దాటిన సంగతి తనిఖీ రోజున బయటపడేది.

1986లో రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం, అనగా క్రిస్, ఏర్పడింది. 1994లో సికింద్రాబాదులో ప్రారంభమైన కాన్సర్ట్ రిజర్వేషన్ వ్యవస్థ ద్వారా సామాన్య ప్రయాణికునికి రైల్వే కంప్యూటర్ శక్తి తెలిసింది. ప్రయాణికునికి కనపడని చోట కూడా ఆ కేంద్రం ఎన్నో వ్యవస్థలను రూపొందించింది. వాటిలో ఒకటి క్రూ మేనేజ్‌మెంట్ సిస్టమ్. లోకో పైలట్లు, ట్రైన్ మేనేజర్లు (2022 వరకు వారిని గార్డులనేవారు) డ్యూటీలో చేరేటప్పుడు, దిగేటప్పుడు లాబీలోని యంత్రం వద్ద తమ గుర్తింపును నమోదు చేస్తారు. శ్వాస పరీక్ష యంత్రాలను కూడా దానికి అనుసంధానించారు. ఎవరు ఎప్పుడు దిగారు, ఎంత విశ్రాంతి పూర్తయింది, ఎవరి వైద్య పరీక్ష గడువు దగ్గర పడింది, ఎవరికి ఏ మార్గం తెలుసు అన్న వివరాలు ఒకే తెర మీద కనపడతాయి.

నిర్ణయ సహాయక వ్యవస్థ అంటే ఏమిటి?

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పుకోవాలి. 1978లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన హెర్బర్ట్ సైమన్, 1960 నాటికే నిర్ణయాలను రెండుగా విభజించారు. పద్ధతి ముందే తెలిసి, లెక్క ప్రకారం జరిగిపోయేవి ఒక రకం. పరిస్థితిని చూసి, ఆలోచించి తీసుకోవలసినవి మరొక రకం. 1971లో గోరీ, స్కాట్ మోర్టన్ అనే ఇద్దరు పండితులు ఈ రెండింటి నడుమ ఉన్న ప్రాంతాన్ని గుర్తించారు. కొంత లెక్క, కొంత వివేచన కలిసిన నిర్ణయాలవి. అటువంటి నిర్ణయాలలో మేనేజరుకు తోడ్పడే కంప్యూటర్ వ్యవస్థను డెసిషన్ సపోర్ట్ సిస్టమ్ అన్నారు. మనం నిర్ణయ సహాయక వ్యవస్థ అందాము.

ఇటువంటి వ్యవస్థకు మూడు అంగాలు ఉంటాయి. మొదటిది సమాచార భాండాగారం. రెండవది నియమాలను, లెక్కలను ఇముడ్చుకున్న నమూనా. మూడవది మేనేజరు ప్రశ్న అడిగి జవాబు పొందే తెర. మన ఇంటి పంచాంగంతో పోల్చవచ్చును. తిథి, వార, నక్షత్రాలు సమాచారం. ఏ పనికి ఏది అనుకూలమన్న సూత్రాలు నమూనా. వాటిని మనకు అర్థమయ్యేటట్లు చెప్పే పురోహితుడు తెర. అయితే ముహూర్తం పెట్టుకోవలసినది ఇంటి పెద్దే. పెళ్ళివారి రాకపోకలు, బడి పరీక్షలు, చేతిలోని సొమ్ము చూసుకుని ఆయనే తేల్చుకుంటాడు.

పైన చెప్పిన పైలట్ల ఉదాహరణనే తీసుకుంటే, 16 గంటలు పూర్తయ్యాయా లేదా అన్నది శుద్ధమైన లెక్క. దానిని యంత్రానికి వదలిపెట్టవచ్చును. అందుబాటులో ఉన్న నలుగురిలో ఎవరిని పిలవాలి అన్నది సగం లెక్క. ఎవరు వరుసగా మూడు రాత్రులు పనిచేశారు, ఎవరి వారపు విశ్రాంతి మిగిలి ఉన్నది అని యంత్రం చూపించగలదు. ఎవరి ఇంట్లో తల్లికి సుస్తీగా ఉన్నది, ఎవరి ముఖంలో అలసట కనపడుతున్నది అన్నది లాబీలో ఎదురుగా నిలిచిన సూపర్‌వైజరుకే తెలుస్తుంది. ఇక సిబ్బంది సంఖ్యే చాలనప్పుడు ఎన్ని బళ్ళు ఆపాలి అన్నది పూర్తిగా మనుష్యుల నిర్ణయం. ఆ బాధ్యతను కంప్యూటర్ మీద వేయరాదు.

యంత్రానికి అబద్ధం చెబితే?

ఖరగ్‌పూర్ డివిజను మనకు మరొక కఠినమైన పాఠం కూడా నేర్పింది. 2023 జూన్ 2వ తేదీ సాయంత్రం, ఒడిశాలోని బాలాసోర్ జిల్లా బహనాగా బజార్ స్టేషనులో, చెన్నై వైపు వస్తున్న కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైనులో నేరుగా వెళ్ళడానికి సిగ్నల్ లభించింది. కాని పాయింట్లు లూప్ లైను వైపు ఉన్నాయి. బండి లూప్ లైనులోకి మళ్ళి, అక్కడ నిలిచి ఉన్న గూడ్సు బండిని ఢీకొన్నది. పట్టాలు తప్పిన పెట్టెలు అటుగా వెళ్తున్న యశ్వంత్‌పూర్–హౌరా ఎక్స్‌ప్రెస్ చివరి పెట్టెలను తాకాయి. 290 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ బండి మన విశాఖ, విజయవాడల మీదుగా వచ్చే బండి. ఆ రాత్రి ఎన్ని తెలుగు ఇళ్ళలో దీపాలు ఆరలేదో వేరుగా చెప్పనవసరం లేదు.

విచారణ జరిపినవారు రైల్వే భద్రతా కమిషనరు. ఈ కమిషను రైల్వే శాఖ కింద కాక పౌర విమానయాన మంత్రిత్వ శాఖ కింద పనిచేస్తుంది. తనిఖీ చేసేవాడు, తనిఖీకి గురయ్యేవాడు ఒకరే కారాదన్న సూత్రం దానికి మూలం. గతంలో ఆ స్టేషను ఉత్తరపు సిగ్నల్ గుమ్టీలో సర్క్యూట్ మార్పులు చేసినప్పుడు జరిగిన లోపాలు, 94వ నంబరు లెవెల్ క్రాసింగు గేటు అడ్డుకమ్మీ మార్పు పనిలో జరిగిన లోపాలు ఈ ప్రమాదానికి కారణమని తేలినట్లు రైల్వే మంత్రి 2023 జూలైలో రాజ్యసభకు తెలిపారు.

ఇందులో మనం గ్రహించవలసినది ఏమిటి? ఇంటర్‌లాకింగ్ యంత్రానికి పట్టాలు కనపడవు. తీగల ద్వారా వచ్చే సంకేతమే దానికి కన్ను, చెవి. తీగ తప్పుగా కలిపితే అది తప్పునే నిజమని నమ్ముతుంది. దాని తర్కంలో దోషం లేకపోయినా దాని తీర్పు ప్రాణాంతకమవుతుంది. నియమపాలనకు మనం నిర్మించుకునే ప్రతి కంప్యూటర్ వ్యవస్థకూ ఈ సూత్రమే వర్తిస్తుంది. పరీక్ష జరగకుండానే జరిగినట్లు తేదీ నమోదు చేస్తే, తెర మీద పచ్చరంగు వెలుగుతుంది. కాగితం మీద అబద్ధం వ్రాస్తే ఒక తనిఖీదారునికి అనుమానం రావచ్చును. సిరా రంగును, చేతివ్రాతను చూసి ప్రశ్నించవచ్చును. తెర మీది పచ్చరంగుకు చేతివ్రాత ఉండదు.

మేము చాలా యేళ్ళ క్రితం పనిచేసిన ఒక కర్మాగారంలో పీడన పాత్రల పరీక్షల పట్టికను కంప్యూటర్‌లోకి ఎక్కించారు. నెల తిరిగేసరికి గడువు దాటినవి ఒక్కటీ లేవని నివేదిక వచ్చింది. అందరూ సంతోషించారు. ఒక వృద్ధ ఫోర్‌మన్ గారు మాత్రం ఒక పాత్ర దగ్గరకు వెళ్ళి, బిగించిన గేజిని చూసి, దాని మీద పాత సీలు అట్లాగే ఉన్నదని చూపించారు. విచారిస్తే తేలినది ఏమంటే, పరీక్ష జరిగిన తేదీ వేయవలసిన చోట పరీక్షకు ఉత్తర్వు ఇచ్చిన తేదీ వేస్తున్నారు. మోసం చేయాలన్న ఉద్దేశం ఎవరికీ లేదు. ఆ గడికి పెట్టిన పేరు అస్పష్టంగా ఉన్నది, అంతే. పేరు మార్చి, సీలు నంబరు కూడా వ్రాయాలన్న నిబంధన పెట్టిన తరువాత పట్టికలోని ఎరుపు గళ్ళు పెరిగాయి. పని మెరుగుపడటం అక్కడి నుండే మొదలైంది.

అర్థం చెప్పవలసినది ఎవరు?

మరొక చిక్కు ఉన్నది. నియమంలోని మాటకు రెండు అర్థాలు వస్తే యంత్రం ఏమి చేస్తుంది? రైలు నడిపే సిబ్బందికి 30 గంటల వారపు విశ్రాంతి ఉన్నదని చెప్పుకున్నాం. డ్యూటీ దిగగానే రావలసిన 16 గంటల విశ్రాంతి అందులో కలిసి ఉన్నదా, లేక 16 పూర్తయిన తరువాత 30 మొదలవుతుందా? రెండవదే న్యాయమని, అనగా మొత్తం 46 గంటలు రావాలని లోకో పైలట్ల సంఘాలు చాలాకాలంగా కోరుతున్నాయి. 2024లో దక్షిణ రైల్వేలో ఈ విషయమై ఆందోళన కూడా జరిగింది. సిబ్బంది కొరత దృష్ట్యా యాజమాన్యానికి దీనిపై వేరు వాదం ఉన్నది.

ఎవరి వాదం సరియైనదో చెప్పడం ఈ వ్యాసపు ఉద్దేశం కాదు. కంప్యూటర్‌లో 30 అని వ్రాస్తే అది 30 గంటలకే పిలుపు చూపిస్తుంది. 46 అని వ్రాస్తే 46 గంటలకు చూపిస్తుంది. రెండూ అంతే విధేయతతో చేస్తుంది. ఆ అంకె అక్కడికి ఎవరు, ఏ అధికారంతో, ఏ ఉత్తర్వును బట్టి ఎక్కించారన్నదే అసలు ప్రశ్న. నియమానికి అర్థం చెప్పే అధికారం ప్రోగ్రామరుకు లేదు. చట్టం చేసేవారు, న్యాయస్థానాలు, యాజమాన్యం, కార్మిక సంఘాలు కూర్చుని తేల్చిన అర్థాన్ని మాత్రమే ప్రోగ్రామరు యంత్రభాషలో వ్రాయాలి. 1930, 1989, 2005, 2016 సంవత్సరాలలో నియమం ఎన్నిసార్లు మారిందో చూశాం. మారిన ప్రతిసారీ యంత్రంలోని అంకె కూడా మారిందా అని ఒకరు బాధ్యతతో చూడాలి.

మన సంస్థకు కొన్ని సూచనలు

మన సంస్థ రైల్వే కాదు. అయినా మన గేట్ల లోపల కూడా లిఫ్టులు, క్రేన్లు, బాయిలర్లు, పొగగొట్టాలు, ఓవర్‌టైము గంటలు ఉన్నాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం లిఫ్టులను ఆరు నెలలకు ఒకసారి, క్రేన్ల వంటి భారం ఎత్తే యంత్రాలను యేడాదికి ఒకసారి సమర్థుడైన వ్యక్తి చేత పరీక్ష చేయించాలని విధించింది. చట్టాల పేర్లు మారినా ఆ పరీక్షల అవసరం మారలేదు. కనుక ఖరగ్‌పూర్ అనుభవం నుండి మేము ఈ క్రింది విషయాలను సూచిస్తున్నాము.

మొదటిది, తేదీని పని జరిగిన చోటనే, పని చేసిన వ్యక్తి చేతనే నమోదు చేయించాలి. లాబీలో పైలట్ స్వయంగా యంత్రం ముందు నిలిచినట్లే, క్రేనును పరీక్షించినవారు క్రేను దగ్గరనే వివరం ఎక్కించాలి. గుమాస్తా సాయంత్రం పది కాగితాలు ముందు పెట్టుకుని ఎక్కించే తేదీలకు విలువ తక్కువ.

రెండవది, హెచ్చరిక గడువుకు ముందే రావాలి. గడువు దాటిన తరువాత వచ్చే హెచ్చరిక నిందకు పనికివస్తుంది గాని నివారణకు పనికిరాదు. విడిభాగం తెప్పించడానికి ఎంతకాలం పడుతుందో, పనికి ఎన్నాళ్ళు కావాలో లెక్కకట్టి హెచ్చరిక రోజును నిర్ణయించాలి. అయితే రోజుకు వంద హెచ్చరికలు వస్తే మనుష్యులు వాటిని చదవడం మానివేస్తారు. అత్యవసరమైనవి పై వరుసలో, మిగిలినవి వారానికి ఒకసారి రావడం మంచిది.

మూడవది, మినహాయింపుకు ద్వారం ఉండాలి. ఆ ద్వారానికి కాపలా కూడా ఉండాలి. వరదలో సహాయక బండి నడపవలసి వస్తే నియమాన్ని సడలించవలసి రావచ్చును. యంత్రం అడ్డుపడి కూర్చుంటే జనం దానిని తప్పించుకునే దొంగదారులు వెదుకుతారు. కనుక సడలించే అధికారం ఒక బాధ్యత గల అధికారికి ఇచ్చి, ఆయన పేరు, కారణం, కాలం నమోదయ్యేటట్లు చేయాలి. నెలాఖరున ఎన్ని సడలింపులు జరిగాయో పైవారు చూడాలి. సడలింపు నిత్యకృత్యమైతే లోపం మనుష్యుల సంఖ్యలోనో, యంత్రాల సంఖ్యలోనో ఉన్నదని అర్థం.

నాలుగవది, తెర మీది మాటను నెలకు కొన్నిసార్లయినా ప్రత్యక్షంగా సరిచూడాలి. పచ్చరంగు ఉన్న వాటినే ఎంచి, వెళ్ళి చూసి రావాలి. ఎరుపు రంగు ఉన్నవాటిని అందరూ చూస్తారు.

ఐదవది, ఎవరి గురించి లెక్క నడుస్తున్నదో వారికి ఆ లెక్క కనపడాలి. తన విశ్రాంతి ఎన్ని గంటలుగా నమోదైనదో పైలట్‌కు తెలిస్తే తప్పును ఆయనే ముందుగా పట్టుకుంటాడు. ఉద్యోగిని మించిన తనిఖీదారుడు లేడు.

ఇంటివారికి ఒక మాట

ఇదంతా ఆఫీసు వ్యవహారమని మా సోదరీమణులు అనుకోరాదు. 16 గంటల విశ్రాంతిని చట్టం ఇస్తుంది, కంప్యూటర్ లెక్కిస్తుంది. ఆ 16 గంటలలో నిద్ర ఎన్ని గంటలన్నది మాత్రం ఇల్లే నిర్ణయిస్తుంది. డ్యూటీ దిగివచ్చిన మనిషి చేతికి సంచి ఇచ్చి బజారుకు పంపితే, చుట్టాలతో పొద్దుపోయేవరకు కబుర్లలో కూర్చోబెడితే, రాత్రి తెర మీద "విశ్రాంతి పూర్తి" అనే కనపడుతుంది. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవారికి పగటిపూట గదిలో చీకటి, టీవీకి తక్కువ ధ్వని కల్పించడం కూడా భద్రతా నియమపాలనలో భాగమే. ఉద్యోగులు కూడా విశ్రాంతి గంటలను ఇతర సంపాదనకు వాడుకోకుండా ఉండాలి. కష్టంగా ఉన్నప్పుడు, డ్యూటీకి పిలుపు వచ్చినా, ఒంట్లో బాగులేదని నిజం చెప్పగల ధైర్యం వారికి ఉండాలి. ఆ నిజాన్ని శిక్షించకుండా వినగల ఓపిక అధికారులకు ఉండాలి.

శతాబ్దం క్రితం ఖరగ్‌పూర్‌లో రైలు బళ్ళు నడిపిన మన పెద్దలకు పని గంటలకు చట్టబద్ధమైన హద్దు లేదు. ఆ హద్దును సంపాదించడానికి ఒక తరం పోరాడింది. చట్టంగా వ్రాయించడానికి మరొక తరం శ్రమించింది. దానిని రోజూ, ప్రతి ఒక్కరి విషయంలో, మరచిపోకుండా అమలుపరచే సాధనం మన తరానికి లభించింది. ఆ సాధనానికి జ్ఞాపకశక్తి ఉన్నది, లెక్కలో వేగం ఉన్నది. దానికి సత్యాన్ని అందించవలసిన బాధ్యత మనది. రేపు ఉదయం షిఫ్టు ముగిసిన వేళ తేదీ, సమయం నమోదు చేసే ప్రతి ఉద్యోగీ జరిగినది జరిగినట్లు నమోదు చేస్తే, నియమపాలనలో సగం పని అక్కడే పూర్తి అవుతుంది. మిగిలిన సగాన్ని ఆ అంకెను చదివి నిర్ణయం తీసుకునే అధికారి పూర్తిచేయాలి.